ఏడో నెల, పురిటి మూడు రోజులు: గుండె జబ్బున్న తల్లిని ఎవరు చూస్తున్నారు?

(శ్రీకాకుళం జిల్లాలో పీహెచ్‌సీ వైద్యులు, స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆశా కార్యకర్తలు ముందు వరసలో, డాక్టర్లు వెనక వరసలో కూర్చున్నారు. ఇవాళ్టి విషయానికి ఆ వరస సరిగ్గా సరిపోయింది, అలాగే కూర్చోండి.

కడుపుతో ఉన్న మనిషికి గుండె జబ్బు అని తెలియగానే మనకు తోచే మాట ఒకటే: "కేజీహెచ్‌కి రాసేయండి." విశాఖలోని ఆ పెద్దాసుపత్రికి రాయాల్సిందే, కాదనను. కానీ ఆ కాగితం పట్టుకుని ఆమె ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు తిరిగొచ్చింది, వచ్చాక ఎవరింట్లో ఉంది? ఈ మూడూ తెలియకపోతే మనం రాసిన కాగితం ఆమె సంచిలోనే ఉండిపోతుంది. గుండె మీద బరువు ఎప్పుడు పెరుగుతుందో, మన ఊళ్ళలో ఆడపిల్ల ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎప్పుడు మారుతుందో పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే వేళకి వస్తాయి. నేను ఇవాళ చెప్పేదంతా దాని గురించే.

ముందు బరువు సంగతి. మామూలప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోడుతుంది. గర్భం 6-8 వారాలప్పటి నుంచే ఈ పని పెరగడం మొదలై, 28-32 వారాల మధ్య 30 నుంచి 50 శాతం ఎక్కువవుతుంది. అంటే 7 లీటర్ల దాకా. రక్తంలో నీటి భాగం 40-50 శాతం పెరుగుతుంది. ఎర్ర కణాలు అంతగా పెరగవు, అందుకే రక్తం పలచబడుతుంది. నాడి నిమిషానికి 10-20 పెరుగుతుంది. గుండె బాగున్న మనిషికి ఇదంతా తెలియకుండానే జరిగిపోతుంది.

తర్వాతి బరువు నొప్పుల్లో. గర్భసంచి బిగిసిన ప్రతిసారీ 300 నుంచి 500 మి.లీ. రక్తం అందులోంచి ఒంట్లోకి వస్తుంది. నొప్పికి, భయానికి నాడి కూడా పరుగెడుతుంది. అన్నిటికన్నా పెద్ద బరువు బిడ్డ, మాయ బయటపడ్డాక వస్తుంది. గర్భసంచి ముడుచుకుని తనలో ఉన్న రక్తాన్ని పైకి పంపుతుంది. ఇన్నాళ్ళూ కడుపు కింద నలిగిన పెద్ద సిర తెరుచుకుని కాళ్ళలో నిలిచిన రక్తం కూడా గుండెకి చేరుతుంది. కాళ్ళ వాపుల్లోని నీరు రెండు మూడు రోజుల పాటు మెల్లగా రక్తంలోకి తిరిగొస్తుంది. బిడ్డ పుట్టింది, గండం గడిచింది అని ఇంటివాళ్ళు మిఠాయి పంచే వేళకే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలవుతుంది.

ఇక చేతులు మారడం. మొదటిసారి పెళ్ళిలో మారుతుంది. కీళ్ళవాతం జ్వరం మళ్ళీ రాకుండా చిన్నప్పటి నుంచి మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించుకునే పిల్ల, సంబంధం చెడిపోతుందన్న భయంతో ఆ సంగతి అత్తవారింట్లో చెప్పదు. సూది ఆగిపోతుంది. రెండోసారి ఏడో నెలలో, పురిటికి పుట్టింటికి వెళ్ళినప్పుడు. అత్తారిల్లు రణస్థలం, పుట్టిల్లు మెళియాపుట్టి అనుకోండి. ఎకో కాగితం, అంటే గుండె స్కాన్ రిపోర్టు, రణస్థలంలో బీరువాలో ఉంటుంది. మెళియాపుట్టి ఏఎన్ఎంకి ఆమె కొత్త ముఖం. గుండె పని తారస్థాయికి చేరేది సరిగ్గా ఆ వారాల్లోనే. మూడోసారి కాన్పు అయ్యాక: లేబర్ రూమ్ నుంచి వార్డుకి, వార్డు నుంచి ఇంటికి, అదీ మొదటి మూడు రోజుల్లోనే.

మన ప్రాంతంలో గర్భిణుల్లో ఎక్కువగా కనిపించేది కీళ్ళవాతం వల్ల వచ్చే కవాటాల జబ్బు. చిన్నతనంలో గొంతు నొప్పి, రెండు మూడు వారాలకి పెద్ద కీళ్ళలో ఒకదాని తర్వాత ఒకదానికి వాపు, జ్వరం. కీళ్ళు బాగుపడిపోతాయి, గుండె కవాటం మాత్రం ఏళ్ళ తరబడి మెల్లగా బిగుసుకుపోతుంది. ఎక్కువగా దెబ్బ తినేది ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం. మామూలుగా దాని వైశాల్యం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. 1.5కి తగ్గితే తీవ్రం, 1కి తగ్గితే మరీ తీవ్రం. ఎకో కాగితంలో ఎన్నో అంకెలుంటాయి, ఆశా కార్యకర్త అవన్నీ చదవక్కర్లేదు. ఈ ఒక్క అంకె కార్డు మీద ఎర్ర సిరాతో రాయించుకోండి.

నాడి పెరిగితే ఈ జబ్బులో ఎందుకంత ప్రమాదం? రథసప్తమి నాడు అరసవల్లిలో క్యూ తలుపు సగమే తీసి, అదీ మధ్యమధ్యలో మూసేస్తుంటే వెనక రోడ్డు మీద జనం ఎలా పేరుకుపోతారో తెలుసుగా? కవాటం తెరుచుకునేది గుండె సడలినప్పుడు మాత్రమే. నాడి 70 ఉన్నప్పుడు సడలే వ్యవధి సుమారు అర సెకను. నాడి 120కి పోతే అది సగమో, అంతకన్నా తక్కువో అవుతుంది. రక్తం కిందికి దిగక వెనక్కి ఊపిరితిత్తుల్లోకి తన్నుతుంది. ఆరో నెల దాకా ఏ బాధా లేకుండా పొలం పనికెళ్ళిన మనిషి, చిన్న జ్వరంతో ఒక్క రాత్రిలో నురుగు కక్కే స్థితికి రావడానికి కారణం ఇదే. జ్వరం నాడిని పెంచింది, అంతే. రక్తహీనతా నాడిని పెంచుతుంది, థైరాయిడ్ ఎక్కువైనా పెరుగుతుంది. మందుల్లో కూడా కొన్ని పెంచుతాయి, వాటి దగ్గరికి వస్తాను.

ఈ జబ్బుకి మందు సూత్రం రెండు మాటల్లో: నాడి తగ్గించు, నీరు తగ్గించు. నాడికి మెటోప్రొలాల్ వాడతాం, సాధారణంగా 25 మి.గ్రా. రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టి. కూర్చున్నప్పుడు నాడి 80 దాటకుండా చూసుకుంటాం. అటెనొలాల్ వద్దు, బిడ్డ ఎదుగుదల తగ్గుతుంది. నీటికి ఫ్రూసెమైడ్, అదే మీరు లాసిక్స్ అంటారు. అవసరమైనంత మాత్రమే, ఎక్కువైతే మాయకి రక్తం తగ్గుతుంది. ఉప్పు రోజు మొత్తానికి ఒక చెంచా, 5 గ్రాములు. ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పాలి. కూరలో ఉప్పు తగ్గించామంటారు, పక్కన ఎండు చేప, ఆవకాయ, అప్పడం ఉంటాయి. తీరం వెంబడి ఊళ్ళలో ఉప్పు లెక్క ఎండు చేపల దగ్గరే తప్పుతుంది. కూరలో ఉప్పెంత అని అడగడం కాదు, నిన్న పొద్దుటి నుంచి ఏం తిన్నావో వరసగా చెప్పమనండి.

ఈ మందులు వాడినా కూర్చున్న చోటే ఆయాసం వస్తుంటే బెలూన్‌తో కవాటాన్ని వెడల్పు చేయాలి. తొడలోని సిర గుండా గొట్టం పంపించి చేసే పని, గుండె కోయరు. గర్భిణికి చేయాల్సి వస్తే 20 వారాలు దాటాక, కడుపుకి ముందూ వెనకా సీసం కవచం కట్టి, ఎక్స్‌రే వీలైనంత తక్కువగా వాడుతూ చేస్తారు. అన్ని కవాటాలకీ ఇది కుదరదు. కవాటం మీద సున్నం బాగా పేరుకున్నా, రక్తం వెనక్కి ఎక్కువగా కారుతున్నా, ఎడమ పై గదిలో గడ్డ ఉన్నా చేయరు. అన్నిటికన్నా మంచి కాలం గర్భానికి ముందే. పెళ్ళి కుదిరిన పిల్ల జబ్బు దాచుకుని వెళ్ళడం కన్నా, బెలూన్ చేయించుకుని వెళ్ళడం ఎంతో మేలు. ఈ మాట తల్లిదండ్రులతో చెప్పగలిగేది మీరే, మేము కాదు.

పెన్సిలిన్ సూది గర్భంలో ఆపకూడదు. బెంజథైన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్లు, 21 రోజులకోసారి. కవాటం దెబ్బతిన్నవాళ్ళకి కనీసం 10 ఏళ్ళు లేదా 40 ఏళ్ళ వయసు వచ్చేదాకా, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. "కడుపుతో ఉన్నప్పుడు సూదేటి" అని ఇంట్లో పెద్దలు ఆపేస్తుంటారు. బిడ్డకి దాని వల్ల హాని లేదు. స్టాఫ్ నర్సులకి ఒక మాట: పొడి డిస్టిల్డ్ వాటర్‌లో కలిపాక చిక్కటి పాలలా ఉంటుంది, కరిగిపోదు. ఆలస్యం చేస్తే సూదిలో అడ్డుపడుతుంది. 21 నంబరు సూది వాడండి, కలిపిన వెంటనే పిరుదు కండలో లోతుగా, రెండు మూడు నిమిషాలు తీసుకుని మెల్లగా ఎక్కించండి. పక్కన అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి, వికటిస్తే తొడ కండలోకి 0.5 మి.గ్రా. ఇంకో సంగతి: తీవ్రమైన కవాటం జబ్బున్నవాళ్ళు సూది నొప్పికి, భయానికి బీపీ పడిపోయి కుప్పకూలవచ్చు. అన్నిసార్లూ అది మందు పడకపోవడం కాదు. పడుకోబెట్టి ఇవ్వండి, ఖాళీ కడుపుతో వద్దు. బాగా ఆయాసం ఉన్నవాళ్ళకి, రక్తం పలచబడే మందుల మీద ఉన్నవాళ్ళకి పెన్సిలిన్-వి 250 మి.గ్రా. మాత్రలు రోజుకు రెండు, సూదికి బదులుగా ఇవ్వవచ్చా అని గుండె డాక్టరుని అడగండి.

ఇప్పుడు ఆశా, ఏఎన్ఎం అమ్మలకి. కడుపుతో ఉన్నవాళ్ళలో చాలామందికి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. అది జబ్బు కాదు. మరి జబ్బుని ఎలా పట్టుకోవాలి? "ఆయాసంగా ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. "ఎన్ని తలగడలు పెట్టుకుని పడుకుంటున్నావు?" అనడగండి. ఒకటి నుంచి మూడుకి పెరిగితే అది గుండె. "రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటున్నావా?" అనడగండి. పడుకోగానే పొడి దగ్గు, దగ్గితే గులాబీ రంగు నురుగు గానీ నెత్తురు చార గానీ, నడుస్తూ నడుస్తూ కళ్ళు తిరిగి పడిపోవడం, ఇవేవీ గర్భంతో మామూలుగా వచ్చేవి కావు. తర్వాత నాడి, ఊపిరి లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించకండి, నిండా ఒక నిమిషం చూడండి. కవాటం జబ్బులో నాడి గతి తప్పి కొట్టుకోవచ్చు, పావు నిమిషంలో అది తెలియదు. కాసేపు కూర్చోబెట్టాక కూడా నాడి 110 దాటినా, ఊపిరి నిమిషానికి 24 దాటినా, వేలి మీటరులో ఆక్సిజన్ 95 కన్నా తగ్గినా ఆ రోజే డాక్టరు చూడాలి. ప్రతి నెలా 9వ తారీఖున జరిగే సురక్షిత మాతృత్వ పరీక్షల దాకా ఆగకండి.

రక్తహీనత గురించి అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క సంగతే చెబుతాను. హిమోగ్లోబిన్ 7కి తక్కువ ఉంటే జబ్బు లేని గుండె కూడా చేతులెత్తేయవచ్చు. అప్పుడు రక్తం ఎక్కించాలి, కానీ రెండు బాటిళ్ళు చకచకా ఎక్కించేసి పంపడం కాదు. ప్యాక్డ్ సెల్స్, అంటే ఎర్ర కణాలున్న రక్తం, ఒక్క యూనిట్, మూడు నాలుగు గంటల పాటు మెల్లగా, 20 మి.గ్రా. లాసిక్స్ ఇచ్చి, మధ్యలో ఊపిరితిత్తుల అడుగు భాగం స్టెత్‌తో వింటూ.

కవాటం మార్పిడి అయినవాళ్ళ సంగతి వేరు. వీళ్ళు మన జిల్లాలో ఉన్నారు, ఛాతీ మధ్యలో నిలువు కుట్ల మచ్చ ఉంటుంది. లోహపు కవాటం పెట్టిన వాళ్ళు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ గానీ అసిట్రోమ్ గానీ రోజూ వేసుకోవాలి. ఇక్కడ రెండు ప్రమాదాలు ఎదురెదురుగా నిలబడతాయి. 6 నుంచి 12 వారాల మధ్య ఈ మందు బిడ్డ ముక్కు, ఎముకలు తయారవడాన్ని దెబ్బతీయవచ్చు. మందు మానేస్తే కవాటంలో గడ్డ కట్టి తల్లి ప్రాణమే పోవచ్చు. బిడ్డకేమవుతుందోనని ఆమే సొంతంగా మాత్ర మానేస్తుంది చూడండి, అసలు ప్రమాదం అక్కడుంది. నెల తప్పిందని అనుమానం రాగానే, మాత్ర ఆపకుండా, ఆ వారమే గుండె డాక్టరు దగ్గరికి పంపండి. వార్ఫరిన్ రోజుకు 5 మి.గ్రా. లోపు, అసిట్రోమ్ 2 మి.గ్రా. లోపు సరిపోతున్న వాళ్ళకి బిడ్డకు ప్రమాదం తక్కువ కాబట్టి కొనసాగించవచ్చు. అంతకన్నా ఎక్కువ కావాల్సిన వాళ్ళకి ఆ వారాల్లో, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ సూదులకి మారుస్తారు. ఎనోక్సపారిన్ అనే హెపారిన్ అయితే బరువుకి తగ్గట్టు రోజుకు రెండుసార్లు. అయితే గర్భంలో బరువూ, మూత్రపిండాల పనీ మారుతుంటాయి కాబట్టి యాంటీ-టెన్ఏ అనే రక్తపరీక్షతో మోతాదు సరిచూడాలి. ఆ పరీక్ష లేని చోట గుడ్డిగా సూదులిచ్చి నెలలు గడపడం కన్నా, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష) చూసుకుంటూ మాత్రే నయమని నా అభిప్రాయం. మైట్రల్ స్థానంలో లోహపు కవాటానికి ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. కొత్తగా వచ్చిన రక్తం పలచబడే మాత్రలు, డాబిగాట్రాన్, రివరాక్సబాన్ లాంటివి, లోహపు కవాటానికి పనికిరావు. గర్భంలో అసలే వద్దు.

36 వారాలకి ఆమె పెద్దాసుపత్రిలో ఉండాలి, ఇంట్లో కాదు. అక్కడ మాత్ర ఆపి హెపారిన్‌కి మార్చి కాన్పుకి సిద్ధం చేస్తారు. మాత్ర మీద ఉండగానే నొప్పులు వస్తే తల్లి రక్తం సంగతి అటుంచి, బిడ్డ రక్తం కూడా పలచగా ఉంటుంది. కింది నుంచి కాన్పు అయితే బిడ్డ తలలో రక్తస్రావం కావచ్చు. ఆ పరిస్థితిలో ఆపరేషనే మేలు. బిడ్డ పుట్టాక మాత్ర మళ్ళీ మొదలుపెడతారు, పాలు ఇవ్వవచ్చు, భయం లేదు.

పుట్టుకతో వచ్చే రంధ్రాల్లో చాలావరకు, సమయానికి మూసేసినవైతే, కాన్పు సాఫీగానే జరుగుతుంది. అలాంటి తల్లికి 18-22 వారాల మధ్య బిడ్డ గుండె స్కాన్ చేయించాలి. వాళ్ళ బిడ్డలకి గుండె లోపం వచ్చే అవకాశం నూటికి సుమారు 3 నుంచి 5. భయపడాల్సింది మూసుకోని పెద్ద రంధ్రం ఏళ్ళ తరబడి ఉండి, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి, పెదవులు, గోళ్ళు నీలంగా మారిన వాళ్ళ విషయంలో. దాన్ని ఐసెన్‌మెంగర్ అంటారు. వీళ్ళకి గర్భం అంటే ప్రాణంతో పందెం. అలాగే గుండె పంపు శక్తి 30 శాతం లోపు ఉన్నవాళ్ళకి, మరీ ఇరుకైన కవాటం ఉండి బెలూన్ చేయించుకోని వాళ్ళకి కూడా. వద్దని చెప్పాల్సిన వాళ్ళకి వద్దనే చెప్పాలి, మొదటి మూడు నెలల్లోనే చెప్పాలి. మెత్తగా చెప్పండి గానీ దాచకండి. ఐదో నెలలో చెబితే అది సలహా కాదు, శిక్ష.

బీపీ మాత్రల మీదా ఒక మాట. ఉద్దానం వైపు మూత్రపిండాల జబ్బు ఎక్కువ కాబట్టి వయసులో ఉన్న ఆడవాళ్ళు కూడా టెల్మిసార్టన్, లోసార్టన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడుతూ ఉండవచ్చు. గర్భంలో ఇవి బిడ్డ మూత్రపిండాలని దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు ఎండిపోతుంది. లబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపాలలో ఒకదానికి మార్చాలి. కవిటిలోనో, సోంపేటలోనో కాళ్ళ వాపు, ఆయాసంతో వచ్చిన గర్భిణికి గుండెతో పాటు మూత్రపిండాల పని చెప్పే క్రియాటినిన్ కూడా చూడాలి. రెండూ ఒకేలా కనిపిస్తాయి.

(సభలోంచి ఒక స్టాఫ్ నర్సు: "నొప్పులతో వచ్చేసినాక ఆయాసమని తెలిస్తే ఏటి చేయాలండీ? బండి ఎక్కించాలా, ఇక్కడే చూడాలా?")

మంచి ప్రశ్న. తల కనిపిస్తుంటే బండి ఎక్కించకండి, దారిలో 108లో కాన్పు కన్నా మీ బల్ల మీద కాన్పు మేలు. ఇంకా వ్యవధి ఉంటే ఈ నాలుగు పనులు చేసి పంపండి. లేపి కూర్చోబెట్టండి, వెనక దిండ్లు పెట్టి, కొంచెం ఎడమకి ఒరిగేట్టు. వెల్లకిలా పడుకోబెడితే ఊపిరితిత్తులు నిండుతాయి, కడుపు పెద్ద సిరని నొక్కుతుంది. ఆక్సిజన్ పెట్టండి. సెలైన్ ఆపేయండి, సూది మాత్రం నరంలో ఉండనివ్వండి. ఊపిరితిత్తుల్లో గురగుర వినిపిస్తూ, బీపీ పడిపోకుండా ఉంటే లాసిక్స్ 40 మి.గ్రా. నరంలోకి ఇవ్వండి. అప్పుడు ఫోను చేయండి. శ్రీకాకుళం పెద్దాసుపత్రికో, కేజీహెచ్‌కో, ఎక్కడికైనా సరే, పడక ఉందో లేదో కనుక్కుని పంపండి. శ్రీకాకుళం నుంచి విశాఖకి నూరు కిలోమీటర్ల పైనే. ఇచ్ఛాపురం వాళ్ళకి బరంపురం వైద్య కళాశాల కూతవేటు దూరం. మొండిగా ఇటువైపే పంపాలని లేదు.

రిఫరల్ చీటీలో "గుండె జబ్బు, పై ఆసుపత్రికి" అని రాస్తే అవతలి డాక్టరుకి ఏమీ తెలియదు. ఏ కవాటం, ఎంత వైశాల్యం, చివరి ఎకో తేదీ, ఏ మందు ఎంత మోతాదులో ఎప్పుడు వేసుకుంది, లోహపు కవాటమైతే చివరి ఐఎన్ఆర్, ఇప్పుడు నాడి, బీపీ, ఆక్సిజన్, మీరు ఎంత సెలైన్ ఎక్కించారు, ఇవి రాయండి. ఎకో కాగితం ఫోటో ఆమె ఫోనులో, భర్త ఫోనులో, పుట్టింటి ఏఎన్ఎం ఫోనులో ఉండాలి. ఏడో నెల రాగానే అత్తారింటి ఏఎన్ఎం పుట్టింటి ఏఎన్ఎంకి ఫోను చేసి అప్పగించాలి. అమ్మాయి బస్సెక్కిన రోజే, చేరాక కాదు.

ఇక కాన్పు తీరు. గుండె జబ్బు అనగానే ఆపరేషన్ చేసేయాలన్నది తప్పు. ఎక్కువమందికి కింది నుంచి కాన్పే మంచిది. రక్తం తక్కువ పోతుంది, ఇన్ఫెక్షను తక్కువ, గడ్డలు కట్టే భయం తక్కువ. ఆపరేషన్ ఎప్పుడు? ప్రసవ సంబంధమైన కారణం ఉన్నప్పుడు, ఇందాక చెప్పినట్టు రక్తం పలచబడే మాత్ర మీద ఉండగా నొప్పులు వచ్చినప్పుడు, బృహద్ధమని బాగా ఉబ్బినప్పుడు, మందులకి లొంగని గుండె వైఫల్యంలో. నొప్పి తగ్గించడానికి వెన్నులోకి ఇచ్చే మత్తు, ఎపిడ్యురల్, మంచిదే, మోతాదు మెల్లమెల్లగా పెంచుతూ ఇవ్వాలి. రెండో దశలో "ముక్కు, ముక్కు" అని అరవకండి. ఊపిరి బిగబట్టి ముక్కితే గుండెకి రక్తం చేరడం తగ్గి, వదలగానే ఒక్కసారిగా దూకుతుంది. తల కిందికి దిగనిచ్చి, వాక్యూమ్‌తోనో ఫోర్సెప్స్‌తోనో ఆ దశని కుదించాలి. సెలైన్ మొత్తం మీద గంటకు 75 మి.లీ. దాటకూడదు. నొప్పులతో వచ్చిన ప్రతి మనిషికీ ఒక బాటిల్ తగిలించే అలవాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది.

మందుల పట్టిక గోడ మీద అంటించుకోండి. కాన్పయ్యాక రక్తస్రావం ఆగడానికి గర్భసంచిని బిగించే మందులివి. మెథర్జిన్ ఇవ్వకూడదు. నాళాలన్నీ బిగుసుకుని బీపీ, ఊపిరితిత్తుల ఒత్తిడి ఒక్కసారిగా లేస్తాయి. మాయ పడగానే మెథర్జిన్ లాగడం చేతికి అలవాటైపోయిన లేబర్ రూములున్నాయి. గుండె జబ్బున్న తల్లి లోపలికి రాగానే ఆ ఆంపూల్ ట్రేలోంచి తీసి బయట పెట్టేయండి, అదే మేలు. ఆక్సిటోసిన్ ఇవ్వాలి, కానీ నరంలోకి ఒక్కసారిగా తోయకూడదు, బీపీ కూలిపోతుంది. పీహెచ్‌సీలో అయితే కండలోకి 10 యూనిట్లు ఇవ్వండి. పెద్దాసుపత్రిలో సిరంజి పంపు ఉంటుంది. 10 యూనిట్లు 50 మి.లీ. సిరంజిలో నింపి గంటకు 3.6 మి.లీ. వదిలితే నిమిషానికి 12 మిల్లీయూనిట్లు అవుతుంది. అదే మందు అర లీటరు సెలైన్‌లో కలిపి వదిలితే మందుతో పాటు అక్కర్లేని నీళ్ళూ పోతాయి. కార్బోప్రోస్ట్ ఊపిరితిత్తుల ఒత్తిడి ఉన్నవాళ్ళకి ప్రమాదం. మైసోప్రోస్టాల్ వాడవచ్చు. రక్తస్రావాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి, గర్భసంచి మర్దన, బెలూన్ టాంపొనాడ్ (గర్భసంచిలో బెలూన్ ఉబ్బించి రక్తం ఆపడం) త్వరగా మొదలుపెట్టండి.

నెలలు నిండకుండా నొప్పులొస్తే ఆపడానికి ఇచ్చే డువాడిలాన్, టెర్బ్యుటలిన్ ఇవ్వకండి, నాడిని పరుగెత్తిస్తాయి. ఆయాసమని సాల్బుటమాల్ నెబ్యులైజరు, డెరిఫిలిన్ సూది కూడా అంతే. ఊళ్ళో ఆర్‌ఎంపీ చేతిలో ఆయాసానికి ఉన్న మొదటి ఆయుధం డెరిఫిలిన్, రెండోది సెలైన్. మైట్రల్ కవాటం ఇరుకైన మనిషికి ఈ రెండూ కలిపి ఇస్తే ఏమవుతుందో ఇప్పుడు మీకు చెప్పక్కర్లేదు.

బిడ్డ పుట్టాక చాలామంది కవాటం జబ్బు తల్లులకి 20 నుంచి 40 మి.గ్రా. లాసిక్స్ ఇవ్వాల్సి వస్తుంది, బీపీ చూసుకుని. మొదటి రోజంతా నాడి, బీపీ, ఊపిరి, ఆక్సిజన్ గంటగంటకీ రాయాలి. మూత్రం కొలవాలి. కనీసం మూడు రోజులు ఆసుపత్రి దాటనివ్వకండి, తీవ్రమైన జబ్బైతే వారం. రాత్రి రెండింటికి బాలింత లేచి కూర్చుంటే "పాలివ్వడానికేమో" అనుకోకండి, ఊపిరి లెక్కపెట్టండి.

(ఒక ఆశా కార్యకర్త: "ముందే జబ్బేటీ లేని మనిషికి కూడా పురిట్లో ఆయాసం వస్తాదా?")

వస్తుంది. కాన్పుకి ముందు నెల నుంచి కాన్పు తర్వాత అయిదు నెలల దాకా, అంతకుముందు ఏ జబ్బూ లేని గుండె కండరం నీరసించిపోవచ్చు. ఎకోలో పంపు శక్తి 45 శాతం కన్నా తగ్గుతుంది. దీన్ని నిమ్ము అనీ, ఉబ్బసం అనీ పొరబడతారు. గది మూసి, నెగడు దగ్గర పడుకోబెట్టిన బాలింతకి దగ్గు వస్తే పొగ వల్లనో చలువ వల్లనో అనుకుంటారు. మీరు బిడ్డని చూడటానికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్తారు కదా. బిడ్డని తూకం వేశాక తల్లిని ఒక్క నిమిషం వెల్లకిలా పడుకోమనండి. పడుకోలేకపోతే, దగ్గు తెరలు తెరలుగా వస్తే, కాళ్ళ వాపు కాన్పు తర్వాత తగ్గకపోగా పెరిగితే ఆ రోజే ఎకో ఉన్న చోటికి పంపండి. త్వరగా పట్టుకుంటే చాలామందికి ఆరు నెలల్లో గుండె తిరిగి కోలుకుంటుంది. కొందరికి బ్రోమోక్రిప్టిన్ ఇస్తారు. అది ఇస్తే పాలు ఆగిపోతాయి, రక్తం గడ్డకట్టకుండా మందు కూడా జతగా ఇవ్వాలి. అది పెద్ద డాక్టరు తేల్చాల్సిన విషయం. పంపు శక్తి పూర్తిగా తిరిగి రాకపోతే మళ్ళీ గర్భం రాకూడదు.

అక్కడితో ఆఖరి విషయానికి వచ్చాం, కుటుంబ నియంత్రణ. లోహపు కవాటం, కండర బలహీనత, ఊపిరితిత్తుల ఒత్తిడి ఉన్నవాళ్ళకి మాలా-ఎన్ లాంటి ఈస్ట్రోజెన్ మాత్రలు వద్దు, గడ్డలు కట్టే ప్రమాదం పెంచుతాయి. హార్మోన్ లేని ఛాయా మాత్ర గురించి డాక్టరుని అడగవచ్చు. గర్భం రాకుండా వేసే అంతర సూది చాలామందికి పనికొస్తుంది, వార్ఫరిన్ మీద ఉన్నవాళ్ళకి సూది చోట నెత్తురు గడ్డ కట్టవచ్చు కాబట్టి చూసి ఇవ్వాలి. కాపర్-టీ కూడా వేయవచ్చు, కానీ తీవ్రమైన జబ్బున్న వాళ్ళకి వేసేటప్పుడు నాడి పడిపోవచ్చు, ఆసుపత్రిలోనే వేయాలి. ట్యూబెక్టమీ అయితే కడుపులో గ్యాస్ నింపే లాప్రోస్కోపీ కన్నా చిన్న కోతతో చేసేది మేలు, అదీ గుండె కుదుటపడ్డాక. కాన్పు బల్ల మీదే, అలసిన గుండెకి ఇంకో ఆపరేషన్ తగిలించే తొందర వద్దు.

అన్నిటికన్నా తేలికది భర్తకి చేసే వేసక్టమీ. కత్తి కోత లేకుండా, మత్తు సూది అక్కడికే ఇచ్చి, పావుగంట ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. భార్య గుండెకి ఇసుమంత బరువు పడదు. కూలి పనికెళ్ళేవాళ్ళు బలం తగ్గిపోతుందంటారు, తగ్గదు. ఒక్క జాగ్రత్త చెప్పి పంపండి: ఆపరేషన్ అయిన రోజు నుంచే రక్షణ మొదలవదు. మూడు నెలల పాటు నిరోధ్ వాడి, ఆ తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే మానేయాలి.